హాజిర్ అన్నది అవ్వ

1945 జూన్ 12, మంగళవారం

మిషన్ దొరసాని గీ డైరీ చేతిల పెట్టి, "రోజూ ఆత్మపరీక్ష చేసుకొని దీంట్ల రాయి రాహేలూ" అన్నది. ఆత్మ సంగతి తీరిగ్గ చూసుకుంట. ముందుగాల నడుంనొప్పి సంగతి రాస్త.

పొద్దున మేడ్చల్ల బండెక్కి, సికింద్రాబాద్ల బండి మారి, యూనివర్సిటీ చేరేసరికి నడుం పడిపోయింది. నాదొక్కదే కాదు, అవ్వది గూడ. నన్ను యూనివర్సిటీకి పంపుతందుకు బాపు పెట్టిన షరతు అదే. "మా అమ్మ ఎంట ఉండాలె. క్లాసుల గూడ." బాపు మిషన్ దవాఖానల కంపౌండరు. మందు సీసా గీత కాడికి కొలిచి పోసుడు అలవాటు. ఆయన షరతులల్ల గూడ చుక్క ఎక్కువ తక్కువ ఉండది. నన్ను కన్న అమ్మ పోయిన సంది ఇంట్ల మేం ముగ్గురమే.

నా ఫీజు మిషనోళ్లు కడుతున్నరు. చదువైనంక వాళ్ల ఆఫీసుల కొలువు చెయ్యాలె. అందుకే నాకు గీ మాలియాత్, గీ తిజారత్ ఖానూన్. అంటే పైసల శాస్త్రం, బేరాల చట్టం. నీకు ఇష్టమేనా అని ఎవరన్న అడిగిన్రా? అడగలే.

క్లాసుల నలభై మూడు మంది మొగపిల్లలు, నేనొక్కదాన్ని ఆడిపిల్లను. అందుకని ఎనుక మూలకు మందపాటి పచ్చ పర్దా కట్టి, దానెనుక ఒక బెంచీ ఏసిన్రు. బెంచీ మీద నేను, అవ్వ, అవ్వ కుట్టే బొంత.

ఖానూన్ చెప్పేది వహీదుద్దీన్ సాబ్. చెప్పుడంత ఉర్దూలనే. నేను ఇంగ్లీషు బడిల చదివినదాన్ని. వంకాయలు ఎట్లిచ్చినవ్ అని అడిగేటంత ఉర్దూ వస్తది నాకు. సాబు మాట్లాడేది వంకాయల ఉర్దూ కాదు.

అవ్వకు మాత్రం అంతా తెలుస్తాంది. అల్వాల్ల ఒక నవాబు జనానాల ఇరవై ఏండ్లు ఆయా పని చేసింది గదా. పాఠం నడుమల సూది ఆపి "వాహ్" అన్నది. నేను మోచేత్తోని పొడిచిన.

జూన్ 14

అర్థం కాలే.

జూన్ 19

అర్థం కాలే. అవ్వ బొంత జానెడు పెరిగింది.

జూన్ 26

ఒక సంగతి కనిపెట్టిన. హాజరు పిలిచేటప్పుడు సాబు తల ఎత్తడు. "మిస్ రాహేల్" అంటడు. పర్దా ఎనుక నుంచి "హాజిర్" అని వినబడితే గీత గీస్తడు. ఆ గొంతు ఎవరిదో ఆయనకేం ఎరుక? పర్దా లేపి చూసుడంటే పెద్ద బేఅదబి, మర్యాద తప్పినట్టు.

ఊరికెనే రాసిన. మనసుల ఏం పెట్టుకొని కాదు.

జూన్ 28

సుల్తాన్ బజార్ దిక్కు ఒక హాల్ల మధ్యాహ్నం గూడ సినిమా ఆడుతాందట. ఆడోళ్లకు బెంచీలు వేరేనట. ఇది గూడ ఊరికెనే రాసిన.

జూలై 3

అవ్వతోని మాట్లాడిన.

"అవ్వా, తలకాయ నొస్తాంది. ఇయ్యాల ఖానూన్ క్లాసుల నా బదులు నువ్వు హాజిర్ అను. నేను లైబ్రరీల సల్లగ కూసుంట."

అవ్వ దారం పంటితోని కొరికింది. "బదల్ ఏంది?"

"ఏం బదల్?"

"మొన్ననే గదనే సాబు చెప్పింది. ఒకలు అడగాలె, ఇంకొకలు ఒప్పుకోవాలె, నడుమ ఇచ్చిపుచ్చుకునేది ఒకటుండాలె. దాన్నే బదల్ అంటరు. అది లేకుంటే ముఆహదానే, అంటే ఒప్పందమే, లేదు. నేను హాజిరంటే నువ్వేమిస్తవ్?"

నా సొంత అవ్వ. నన్ను ఎత్తుకొని పెంచిన అవ్వ!

స్టేషన్ బయట బెంచీ మీద శానసేపు బేరమాడినం. ఆఖరికి క్లాసుకొక జర్దా పొట్లం కాడ తెగింది. బాపుకు జర్దా అంటే సైతాను. అవ్వ ఎన్నేండ్ల సందో ఆ సైతాన్ను దవడ కింద దాసిపెట్టుకొని బాపు పక్కనే కూసోని ప్రార్థన చేస్తాంది.

ఒక్కసారే అని చెప్పిన. ఒక్కసారే.

జూలై 5

ఇంకొక్కసారి.

జూలై 17

ఎన్నిసార్లు అనేది ఆత్మపరీక్షల రాయాలని ఎక్కడ లేదు. సినిమాల ఆమె ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన. పక్కన కూసున్న ముసలామె నాకు పల్లీలు పెట్టింది. లైబ్రరీల చదువుతున్న డిటెక్టివ్ నవలల దొంగ దొరికిండు. రెండు పనులూ ఒక్క మధ్యాహ్నంల. నేను సోమరిదాన్నని ఎవరన్న అంటే ఒప్పుకోను.

జూలై 24

అత్వెల్లి మల్లేశం మా క్లాసే. రోజూ మేమెక్కే బండికే వస్తడు. ఎక్కేటప్పుడు ఇద్దర్నీ చూస్తడు, క్లాసుల ఒక్క గొంతే వింటడు. ఇగ ఆయనకు తెల్వకుండ ఎట్లుంటది? ఇయ్యాల సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద నవ్వు ఆపుకోలేక తువ్వాల నోట్లె కుక్కుకున్నడు.

"మస్తు జవాబు చెప్పినవ్ రాహేలూ!"

"ఏం జవాబు?"

అప్పుడు చెప్పిండు. సాబు ఒక ప్రశ్న ఏసిండట. ఒకాయన చిలక ఎగిరిపోయింది. తెచ్చినోళ్లకు ఇనాం అని చాటింపు ఏయించిండు. ఆ చాటింపు వినని మనిషి ఒకడు చిలకను పట్టి తెచ్చిచ్చిండు. తర్వాత సంగతి తెలిసి ఇనాం అడిగిండు. ఖానూన్ ప్రకారం వాడు ఇనాముకు హక్కుదారా, కాదా?

నలభై మూడు మందిల ఒక్కడు నోరు తెరవలే. పర్దా ఎనుక నుంచి వచ్చింది: "జో కాన్ నే సునా నహీఁ, జబాన్ ఉసే ఖబూల్ కైసే కరే, సాబ్?" చెవి వినని మాటను నోరెట్ల ఒప్పుకుంటది అని.

సాబు సుద్దముక్క కింద పెట్టి, పర్దా దిక్కు తిరిగి సలాం చేసిండట.

నేను అవ్వ దిక్కు చూసిన. అవ్వ రైలు దిక్కు చూసింది.

"హాజిర్ అనుడు ఒక్కటే గదా మన ఒప్పందం?"

"అంతమంది మూగోళ్ల లెక్క కూసుంటే నా పానం ఊరుకోలే బిడ్డా. చిలక పాపం ఎంతసేపని చూస్తది?"

జూలై 26

ఇంగ్లీషు ఖానూన్ పుస్తకం తెరిచిన. మొదటిసారి. ఏజెంటు చేసిన పని యజమాని చేసినట్టే లెక్క అని ఉంది. అవ్వ నా ఏజెంటు. అంటే ఆ జవాబు నేను చెప్పినట్టే. గిట్ల చూస్తే నేను మస్తు తెలివిగలదాన్ని. పుస్తకం మూసేసిన.

ఆగస్టు 2

అవ్వ ధర పెంచింది. క్లాసుకు రెండు పొట్లాలంట.

"ఒప్పందం తెంపుతున్నవ్ అవ్వా. ఒకటే అనుకున్నం."

"ఏ ఒప్పందం? తప్పుడు పనికి చేసుకున్న ముఆహదా మొదటి నుంచే బాతిల్, చెల్లనే చెల్లదు. మంగళవారం చెప్పిండు సాబు. పో, ఏ కచ్చేరిల కొట్లాడుతవో కొట్లాడు."

"మరి ఇప్పటిదాక తిన్న జర్దా?"

"అది తిరిగి రాదు. ఇద్దరూ తప్పు చేసినప్పుడు కచ్చేరి ఎవలికీ సాయం చెయ్యదు. అది గూడ మంగళవారమే చెప్పిండు."

రెండు పొట్లాలకు ఒప్పుకున్న.

ఆగస్టు 7

మల్లేశం ఒక పొట్లం పట్టుకొచ్చిండు. సాబు పంపిండట. "మిస్ రాహేల్ గొంతు ఎప్పుడూ బొంగురుగనే ఉంటాంది. సన్న వయసుల గొంతు చెడగొట్టుకోవద్దు. ఈ జోషాందా మరగబెట్టి తాగమను."

నేను సిగ్గుతోని సచ్చిన. అవ్వ ఇంటికి పోయి దాన్ని మరగబెట్టి మొత్తం తాగింది. "గొంతు నాది గద, మందు గూడ నాదే" అన్నది.

ఆగస్టు 12, ఆదివారం

చర్చిల ఆరాధన అయినంక దొరసాని ఒక ఉత్తరం చదివింది. వహీదుద్దీన్ సాబ్ రాసింది. ఇన్నేండ్లల్ల ఇంత సూటి బుద్ధి ఉన్న విద్యార్థిని చూడలేదట. అంటే చూడలే, విన్నడు. అందరూ ఎనుకకు తిరిగి నన్ను చూసిన్రు. బాపు లేచి నిలబడ్డడు. కండ్లద్దాలు తీసి కండ్లు తుడుసుకున్నడు. అమ్మ సమాధి కాడ తప్ప బాపు ఏడ్చుడు నేను చూడలే.

నేను పాటల పుస్తకం తెరిచి మొకానికి అడ్డం పెట్టుకున్న.

ఆగస్టు 16

యుద్ధం ఐపోయిందట. సెలవు. ఎగ్గొడదామన్నా క్లాసు లేదు.

ఆగస్టు 21

ఉత్తరం సంగతి ఊరంత పాకింది. పొద్దున పక్కింటి వజ్రమ్మ వచ్చి అరుగు మీద కూసున్నది. మొగడు లేడు. రెండు బర్లు, ఒక పడ్డ, ఒక ఈనిన మేక. అదే ఆమె సంసారం. నేను సన్నగున్నప్పటి సంది మా ఇంటికి పాలు ఆమెనే పోస్తది.

"బిడ్డా, నువ్వు ఖానూన్ చదువుతున్నవ్ గద. నా పడ్డను శామీర్‌పేట లింగానికి ఇస్తనన్న. బయాన కింద ముందుగాల కొన్ని పైసలు గూడ ఇచ్చిపోయిండు. నిన్న ఇంకొకాయన వచ్చి దానికంటే ఎక్కువ ఇస్తనన్నడు. ఇయ్యొచ్చునా?"

తెల్వదు అందామనుకున్న. గని చర్చిల అంతమంది చూసిన సూపులు నా మీద ఇంకా ఉన్నయి. కాలు మీద కాలు ఏసుకొని, "కాయిదం రాసుకున్నరా?" అని అడిగిన.

"కాయిదమెక్కడిది? నోటిమాటనే."

"కాయిదం లేకుంటే ఖానూన్ల ఏం లేనట్టే. ఎవలికి ఇయ్యాలనిపిస్తే వాళ్లకియ్యి."

వజ్రమ్మ నా గదువ పట్టుకొని ముద్దు పెట్టింది. అవ్వ ఇంట్ల లేదు, అంగడికి పోయింది.

సెప్టెంబర్ 4

క్లాసుకు పోలే. సినిమాకు గూడ పోలే.

లింగం శామీర్‌పేట నుంచి నలుగురు పెద్దమనుషుల్ని తోలుకొని వచ్చిండు. వజ్రమ్మ పడ్డను ఆ ఎక్కువ ఇస్తనన్నాయనకు అమ్మేసింది గద. పడ్డ కోసం కొట్టం కట్టిండట, గడ్డి కొన్నడట. చావడి కాడ కూసున్నరు. వజ్రమ్మ లేచి, "కాయిదం లేకుంటే ఖానూన్ల చెల్లదని మా రాహేలు చెప్పింది" అన్నది. ఒక పెద్దాయన నవ్విండు. "నోటిమాట చెల్లదంటే ఈ మేడ్చల్ అంగడి ఒక్క పొద్దు నడుస్తదా అమ్మా? గంత చదువుకున్న పిల్ల గిట్లెట్ల చెప్తది?"

బయాన తిరిగియ్యమన్నరు. కొట్టానికి, గడ్డికి నష్టం కింద మేకను ఇయ్యమన్నరు. వజ్రమ్మ మేకను తాడు పట్టుకొని తనే తెచ్చింది. మేక పిల్ల ఎనుకనుంచి ఒర్రుకుంట ఉరికింది. లింగం మంచోడే. పిల్లను విడదీయొద్దని, పాలు మరిచినంక తోలుకపోతనని చెప్పిండు. గని చావడి కాడ అందరి ముందట వజ్రమ్మను మాట తప్పినామె అన్నరు. ముప్పై ఏండ్ల సంది పాలల్ల నీళ్లు కలపని మనిషిని.

నేను చావడి ఎనుక గోడ చాటున నిలబడ్డ.

సెప్టెంబర్ 5

"నోటిమాట గూడ ముఆహదానే అని సాబు చెప్పి రెండు వారాలైంది" అన్నది అవ్వ. "ఆ దినం నువ్వెక్కడున్నవ్?"

నేను గిన్నెలు తోముడు మొదలు పెట్టిన.

"సినిమా పేరన్న చెప్పు."

పేరు గూడ యాదికి రాలే.

సెప్టెంబర్ 6

ఇయ్యాల క్లాసుల నేనే కూసున్న. అవ్వను నోరు తెరవొద్దన్న. సాబు ప్రశ్న అడిగి, "మిస్ రాహేల్ ఏమంటరు?" అన్నడు. నేను నా గొంతుతోని, నా ఉర్దూతోని ఏదో చెప్పిన. ఏం చెప్పిన్నో నాకే తెల్వదు. మల్లేశం చెప్పిందాన్ని బట్టి, అమ్మినోడు కొన్నోన్ని కొనుక్కున్నడు అన్నట్టు వచ్చిందట.

క్లాసంత నవ్వింది. సాబు అన్నడు: "మాషా అల్లా. మిస్ రాహేల్ గొంతు నయమైంది. పడిశం ఇప్పుడు దిమాకుకు ఎక్కినట్టుంది."

అవ్వ గూడ నవ్వింది. పర్దా ఇవతల, నా పక్కన కూసోని.

సెప్టెంబర్ 13

బండిల అవ్వ పాఠం చెప్తాంది. బొల్లారం స్టేషన్ దాటేలోపల జామీను అంటే ఏందో చెప్పింది. "మీ తాత చచ్చేదాక పక్కోని బాకీకి జామీనున్నడు. గదే ఇది. మీ తాత మొకం యాదికి తెచ్చుకుంటే ఈ పాఠం మరిచిపోవు." నిజంగనే మరిచిపోలే. మల్లేశం గూడ మా ఎదురుంగ కూసోని రాసుకుంటాండు.

జర్దా అడగలే అవ్వ. నేనే కొనిచ్చిన. తీసుకున్నది మాత్రం తీసుకున్నది.

సెప్టెంబర్ 18

కొంప మునిగింది.

అక్టోబర్ 9 నాడు హైకోర్టు నుంచి ఒక జడ్జి సాబు యూనివర్సిటీకి వస్తుండు. ఖానూన్ మీద ప్రశ్నలడుగుతడు, విద్యార్థులు జవాబు చెప్పాలె. మా క్లాసు తరఫున వహీదుద్దీన్ సాబ్ ఒక్క పేరే ఇచ్చిండు. ఏ పేరో చెప్పే పనిలేదు.

"పర్దా ఎనుక నుంచే మాట్లాడొచ్చు" అన్నడట మల్లేశంతోని. "ఆ దినం గొంతు ఎట్లున్నా ఫరవాలేదు."

సెప్టెంబర్ 19

ఆలోచించిన. దీంట్ల మునిగేదేముంది? అవ్వ చెప్తది. పర్దా ఉంటది. జడ్జి సాబు మెచ్చుకుంటడు. అందరూ ఖుషి. ఒక్కసారే.

అవ్వ గూడ తయారే. "జడ్జి సాబు ముందట మాట్లాడే మోక మళ్లొస్తదా నాకు?" అని పెట్టెల ఉన్న తెల్ల చీరె తీసి ఎండేసింది. పర్దా ఎనుక ఏ చీరె కడితే ఎవరికెరుక అంటే, "నాకెరుక" అన్నది.

సెప్టెంబర్ 23, ఆదివారం

బాపు దవాఖానల సెలవు అడిగిండు. పదకొండు ఏండ్లల్ల మొదటి సెలవు. అక్టోబర్ 9 నాడు దొరసానిని తోలుకొని యూనివర్సిటీకి వస్తడట. "నిన్ను చూడకున్నా మంచిదే బిడ్డా. పర్దా ఇవతల కూసోని నీ గొంతు వింట."

కన్నతల్లి గొంతు బాపుకు తెల్వదా?

అవ్వ తెల్ల చీరె మడతపెట్టి మళ్ల పెట్టెల పెట్టింది.

అక్టోబర్ 2

అవ్వను తోలుకొని వహీదుద్దీన్ సాబ్ గదికి పోయిన. ధైర్యంతోని పోయిన అని రాస్తే ఈ డైరీ గూడ అబద్ధమైతది. వేరే దారి లేక పోయిన.

దగ్గరనుంచి చూస్తే సాబు చిన్న మనిషి. కోటు మోచేతుల కాడ మాసికలు. నేను నిలబడి అంతా చెప్పిన. హాజిర్ సంగతి, చిలక జవాబు, జోషాందా, సినిమాలు, ఆఖరికి జర్దా.

"జర్దా ఎందుకు చెప్పినవే!" అని అవ్వ గొణిగింది.

ఆ గొంతు విని సాబు తల ఎత్తిండు. ఇంతసేపు నా దిక్కు చూసిన మనిషి అవ్వ దిక్కు తిరిగిండు. ఉర్దూల మెల్లగ అడిగిండు. "ఒకడు భయపెట్టి సంతకం చేయించుకున్నడు. సంతకం చేసినోడు ఆర్నెల్లు ఊకున్నడు. ఇప్పుడు ఆ ముఆహదా సంగతేంది?"

అవ్వ కొంగు సదురుకున్నది. "భయం పోయిందెప్పుడో ముందు చెప్పుండ్రి సాబ్. భయం పోయినంక గూడ ఊకున్నడా, భయంతోనే ఊకున్నడా? రెంటికీ జవాబు ఒక్కటి కాదు."

సాబు కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు. అవ్వను కూసోమన్నడు. నవాబు బంగ్లల ఇరవై ఏండ్లు నిలబడ్డ మనిషి, ఎట్ల కూసోవాలెనో తెల్వక కుర్చీ అంచు మీద కూసున్నది.

"ఎక్కడ చదివిన్రమ్మా?"

"మీ క్లాసులనే సాబ్."

ఆయన కలానికి మూత పెట్టిండు. "నేను చెప్పేది గోడలకు పోతాందనుకున్న ఇన్నేండ్లు" అన్నడు. అన్నంక నా దిక్కు తిరిగిండు. కోపం చేస్తడనుకున్న. చెయ్యలే. చేస్తే బాగుండు.

"నీ మీద నాకేం ఫిర్యాదు లేదు బేటీ. నువ్వు నా క్లాసుకు వస్తే గద ఫిర్యాదు."

హాజరు పుస్తకం తెరిచి, నేను చెప్పిన తారీఖులన్నిటి మీద ఎర్ర గీత కొట్టిండు. పైకి రాసి పంపితే పేరే తీసేస్తరట. పంపనన్నడు. గని హాజరు చాలది. ఈ ఏడాది పోయినట్టే. జడ్జి సాబు ముందట మల్లేశం పేరు ఇచ్చిండు.

బయటకు వచ్చినంక అవ్వ అన్నది, "కుర్చీ మెత్తగుంది."

అక్టోబర్ 3

బాపుకు చెప్పిన. ఏమనలే.

అక్టోబర్ 5

ఏమంటలేడు.

అక్టోబర్ 10

ఏమంటలేడు. అన్నం తింటాండు, దవాఖానకు పోతాండు, వస్తాండు. అవ్వ దవడ కింద చెయ్యి పెట్టి జర్దా తనే తీసి బయట పారేసింది. దానికి గూడ ఏమనలే.

అక్టోబర్ 14, ఆదివారం

ఆరాధన అయినంక బాపు లేచి నిలబడ్డడు. "ఆగస్టు నెలల చదివిన ఉత్తరం నా బిడ్డ గురించి కాదు. ఆ జవాబులు చెప్పింది మా అమ్మ ఏసమ్మ. మీ అందరి ముందట ఆ పొద్దు మెప్పు తీసుకున్న. మీ అందరి ముందట ఇయ్యాల తిరిగి ఇస్తున్న." కూసున్నడు.

గంతల ముందు వరుసల ఎవరో కిసుక్కుమని నవ్విన్రు. ఇగ అందరూ నవ్విన్రు. మొగోళ్లు, ఆడోళ్లు, పాస్టరయ్య గూడ. అవ్వ నెత్తి మీద కొంగు కప్పుకొని కూసున్నది గని, కొంగు లోపల నవ్వుతున్నట్టు భుజాలు ఊగినయి. బాపు గూడ అవ్వ దిక్కు చూసి పెదవి కొరుక్కున్నడు.

ఇంటికొచ్చేటప్పుడు తొవ్వల నాతోని మాట్లాడిండు. "నేను ఒక సీసాల పోసే మందు ఇంకో సీసాల పోస్తే ఒక పానం పోతది. నాకు తెలిసింది గంతే బిడ్డా. నీ చదువుల ఏం పోతదో నాకు తెల్వదు."

"వజ్రమ్మ మేక పోయింది బాపూ" అన్న.

అక్టోబర్ 15

వజ్రమ్మ కొట్టంల పేడ ఎత్తుతాంది. నేను తట్ట అందుకోబోయిన. ఇయ్యలే.

"నాకు తెల్వకుండనే చెప్పిన వజ్రమ్మా. తెలుసని చెప్పిన."

ఆమె తట్ట కింద పెట్టింది. "తెల్వదంటే నేను ఇంకొకల్ని అడిగేదాన్ని గద బిడ్డా. ఆ ఒక్క మాటకు ఏం పాయె నీకు?"

పేడ ఎత్తిన. మళ్ల రేపు రమ్మన్నది. క్షమించిందో, పనికి పెట్టుకున్నదో అడగలే.

నవంబర్ 6

దొరసాని ఫీజు బందు పెట్టింది. ఏడాది పోగొట్టుకున్నదానికి మళ్ల ఎట్లిస్తమన్నది. న్యాయమే. బాపు జీతంల యూనివర్సిటీ ఫీజు ఎల్లది.

అవ్వ దొరసాని కాడికి పోతనన్నది. నేను ఎంట పోయిన.

"దొరసానమ్మా, మీ దవాఖానల పిల్లల వార్డుకు ఆయా కావాలెనని మా కొడుకు సాలోమోను చెప్పిండు. నేను చేస్త. జీతం నా చేతికి వద్దు. రాహేలు ఫీజు కింద కట్టుకోండ్రి. పాసైతే మీ ఆఫీసుల కొలువు చేస్తది, కాకుంటే నేను చచ్చేదాక మీ వార్డుల పిల్లల ముడ్లు కడుగుత. రెండింట్ల మీకు నష్టమెక్కడిది?"

దొరసాని నవ్వు ఆపుకోలే. "కాయిదం రాద్దామా ఏసమ్మా?"

"నోటిమాట చాలు" అన్నది అవ్వ.

తొవ్వల నాకు ఎరుకైంది. వార్డుల పని పొద్దుగాల నుంచి పొద్దుమూకేదాక. అంటే అవ్వ ఇగ క్లాసుకు రాలేదు. అవ్వ ఎంట ఉండాలన్న షరతు బాపే తీసేసిండు. అడిగిన: "మరి నీ ఖానూన్, అవ్వా? సగంలనే ఉండె గద."

"ఉంటే ఉండనీ" అన్నది. చప్పరించనీకి దవడ కింద ఏం లేదు పాపం, ఉత్తగనే నోరు కదిలిస్తాంది.

1946 జూన్ 11, మంగళవారం

కొత్త ఏడాది, అదే క్లాసు. మల్లేశం పై క్లాసుల ఉన్నడు. జడ్జి సాబు ముందట మస్తు జవాబులు చెప్పిండట పోయినేడు. అన్నీ బండిల అవ్వ చెప్పినయే అని ఒప్పుకున్నడు.

బెంచీ మీద నేనొక్కదాన్నే. అవ్వ కూసునే జాగల నా సంచి పెట్టిన.

"మిస్ రాహేల్."

"హాజిర్."

సాబు కలం ఆగింది. ఒక్క లమహా, రెప్పపాటంతే. గీత గీసిండు.

సాయంత్రం పిల్లల వార్డుకు పోయిన. అవ్వ ఒక పోరణ్ని ఒళ్లె పండబెట్టుకొని గంజి తాపుతాంది. "ఇగ చెప్పు" అన్నది.

"ఏం చెప్పాలె?"

"సాబు ఇయ్యాల ఏం చెప్పిండో మొత్తం చెప్పు. వార్డుల పని చేస్తనన్న గని, చదువు బందు పెడుతనన్ననా?"

చెప్పిన. హుండీ అంటే ఫలానా ఆయనకు పైసలు కట్టుమని బేరగాళ్లు రాసుకునే చీటీ అని, కొంచెం దూరం మంచిగనే పోయింది. హుండీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయి, మూడో మనిషి కాడికి వచ్చేసరికి నేను ఆగిన. అవ్వ ప్రశ్న ఏసింది. నేను ఏదో అందామని నోరు తెరిచిన. పోరడు నన్నే చూస్తాండు.

"నాకు తెల్వలే అవ్వా. ఆ మూడో మనిషి కాడ నాకేం అర్థం కాలే."

"నాకు గూడ కాలే, నువ్వు చెప్తే" అన్నది అవ్వ. "ఎల్లుండి సాబును అడిగిరా. నేనెదురు చూస్త."

జూన్ 13

సాబు పాఠం మొదలు పెట్టిండు. చెయ్యి లేపిన. పర్దా ఎనుక చెయ్యి లేపితే ఎవలు చూస్తరు? నవ్వొచ్చింది. లేచి నిలబడ్డ. నా వంకాయల ఉర్దూలనే, గట్టిగ అన్న.

"సాబ్, మొన్న చెప్పిన హుండీ నాకు అర్థం కాలే. మూడో మనిషి కాడ ఆగిపోయిన. మళ్ల చెప్పుండ్రి."

నవ్వుతరనుకున్న. ముందు బెంచీల ఎవరో పెద్ద ఊపిరి ఇడిసిండు. గంతల ఇంకొకడు, "మాకు గూడ కాలే సాబ్" అన్నడు. ఎనుక నుంచి ఇద్దరు. కిటికీ కాడ నుంచి నలుగురు. చూస్తుండంగనే సగం క్లాసుకు అర్థం కాలే.

వహీదుద్దీన్ సాబ్ నల్లబల్ల మీద రాసిందంత తుడిచేసిండు. కుర్చీ గుంజుకొని పర్దా దిక్కు మొకం పెట్టి కూసున్నడు.

"మొదటి నుంచి చెప్త" అన్నడు. "మిస్ రాహేల్, నువ్వెక్కడ ఆగితే అక్కడ నన్ను ఆపు."

మూడుసార్లు ఆపిన.